క్వెంచ్: మాగ్నెట్‌ని కాపాడాలంటే దాన్నే వేడెక్కించాలి

'క్వెంచ్' అనే మాటకి తెలుగు వెతికితే నాకు రెండు అర్థాలు దొరికాయి. ఒకటి దాహం తీర్చుకోవడం, రెండోది ఆర్పేయడం. మన మెకానికల్ వాళ్ళని అడిగితే మూడోది చెప్తారు: కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుముని కమ్మరి నీళ్ళలో ముంచితే సుయ్‌మంటుంది చూడండి, అది. మూడింట్లోనూ ఉన్నది చల్లబడటమే. కానీ పార్టికల్ యాక్సిలరేటర్ల దగ్గర పనిచేసేవాళ్ళు ఈ మాటని సరిగ్గా తిరగేసి వాడతారు. వాళ్ళకి క్వెంచ్ అంటే, విపరీతమైన చలిలో ఉన్న మాగ్నెట్ ఉన్నట్టుండి వేడెక్కిపోవడం. అక్కడ ఆరిపోయేది సూపర్ కండక్టివిటీ. తెలుగు మీడియం పుస్తకాల్లో దీన్ని అతివాహకత్వం అంటారు. మంచి మాటే, కానీ మనం ల్యాబ్‌లో అనేది సూపర్ కండక్టర్ అనే కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను.

నేను సీఎస్‌ఈ. మనకి ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్‌లో సూపర్ కండక్టివిటీ అర యూనిట్ ఉంటుంది. మైస్నర్ ఎఫెక్ట్ డెఫినిషన్ రాసి, బొమ్మ గీసి, మార్కులు తెచ్చుకుని మర్చిపోతాం. నన్ను పట్టుకున్నది అది కాదు. ఎప్పుడో ఒకప్పుడు ఫెయిల్ అవుతుందని ముందే తెలిసిన యంత్రాన్ని ఎలా కడతారు? ఫెయిల్ అయిన ఆ క్షణాన్ని ఎలా కనిపెడతారు? ఇది మన సబ్జెక్టే.

ముందు యంత్రం సంగతి. జెనీవా పక్కన, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దు కింద, సెర్న్ వాళ్ళ లార్జ్ హాడ్రాన్ కొలైడర్ ఉంది. 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగం. అందులో ప్రోటాన్లు దాదాపు కాంతి వేగంతో సెకనుకి 11 వేల సార్లకు పైగా చుట్టూ తిరుగుతాయి. వాటి పాటికి వాటిని వదిలేస్తే తిన్నగా పోయి గోడకి తగులుతాయి. వంపు తిప్పడానికి 1232 డైపోల్ మాగ్నెట్లు పెట్టారు. ఒక్కోటి 15 మీటర్ల పొడవు, 35 టన్నుల బరువు. పూర్తి శక్తితో నడపాలంటే ఒక్కో మాగ్నెట్‌లో 8.33 టెస్లాల ఫీల్డ్ కావాలి, దానికి కాయిల్‌లో 11,850 ఆంపియర్ల కరెంట్ పోవాలి. మన ఇంట్లో మెయిన్ ఎంసీబీ 32 దగ్గరో 63 దగ్గరో పడిపోతుంది కదా, అలా పోల్చుకోండి.

మామూలు రాగి తీగతో ఇది కుదరదు. అందుకే నయోబియం-టైటానియం అనే మిశ్రమ లోహం వాడారు. దాన్ని ద్రవ హీలియంలో ముంచి 1.9 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 271 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే రెసిస్టెన్స్ సున్నా. తక్కువ కాదు, సున్నా. హద్దు దాటనంతవరకు ఎంత కరెంట్ పోయినా వేడి పుట్టదు.

తీగ లోపల ఎలా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. మిల్లీమీటరు మందం ఉన్న ఒక్క పోగు తీసుకుంటే అందులో సుమారు 8,900 సన్నని నయోబియం-టైటానియం దారాలు ఉంటాయి, ఒక్కోటి 7 మైక్రాన్లు. వెంట్రుకలో పదో వంతు. ఆ దారాలన్నీ రాగిలో పొదిగి ఉంటాయి. సూపర్ కండక్టర్ ఉండగా రాగి ఎందుకు? మామూలు రోజుల్లో ఆ రాగికి ఏ పనీ ఉండదు. కానీ నయోబియం-టైటానియం తన సూపర్ గుణం పోగొట్టుకుంటే రాగికన్నా చాలా చెత్త కండక్టర్ అయిపోతుంది. అప్పుడు కరెంట్ పక్కనున్న రాగిలోకి దిగుతుంది. హైవే మూసేసినప్పుడు బళ్ళన్నీ సర్వీస్ రోడ్డులోకి దిగినట్టు. సర్వీస్ రోడ్డుకి ఓపిక ఉంటుంది, కాసేపే.

ఇంతకీ హైవే ఎందుకు మూతపడుతుంది?

సూపర్ కండక్టర్‌కి మూడు హద్దులు: ఉష్ణోగ్రత, ఫీల్డ్, కరెంట్. ఒకటి పెంచితే మిగతా రెండింటికీ చోటు తగ్గుతుంది. పూర్తి ఫీల్డ్‌లో, పూర్తి కరెంట్‌తో నడుస్తున్న ఈ మాగ్నెట్‌కి ఉష్ణోగ్రతలో మిగిలే వెసులుబాటు సుమారు ఒకటిన్నర డిగ్రీ. పైగా అంత చలిలో లోహాలకి వేడిని దాచుకునే శక్తి దాదాపు ఉండదు. గది ఉష్ణోగ్రతలో రాగికి ఏమాత్రం లెక్కలోకి రాని వేడి, 1.9 కెల్విన్ దగ్గర చాలా డిగ్రీలు ఎగరేస్తుంది. అందుకే ఒక చోట ఒక మిల్లీజౌల్ లాంటి వేడి పుట్టినా ప్రమాదమే. మిల్లీజౌల్ అంటే ఎంత? నాలుగైదు బియ్యపు గింజలు మీటరు ఎత్తు నుంచి నేల మీద పడితే వచ్చే శక్తి. అంతే.

ఆ గింజలు వేసేది ఎవరు? ఒకటి, బీమ్. దారి తప్పిన ప్రోటాన్లు కొన్ని కాయిల్‌కి తగిలితే చాలు. వాటిని కనిపెట్టడానికి రింగ్ చుట్టూ వేల సంఖ్యలో డిటెక్టర్లు ఉన్నాయి, నష్టం హద్దు దాటుతుందనిపిస్తే బీమ్ మొత్తాన్ని పక్కకి తిప్పి పారేస్తాయి. రెండోది నాకు బాగా నచ్చినది: తీగ కదలడం. ఫీల్డ్ పెరిగేకొద్దీ కాయిల్‌ని బయటికి నెట్టే బలం మీటరు పొడవుకి వందల టన్నులు అవుతుంది. ఎంత గట్టిగా బిగించినా ఎక్కడో ఒక తీగ కొన్ని మైక్రాన్లు జరుగుతుంది. ఆ రాపిడి వేడి చాలు, క్వెంచ్. మళ్ళీ చల్లార్చి కరెంట్ పెంచితే ఈసారి ఇంకాస్త పైదాకా వెళ్తుంది, ఎందుకంటే ఆ తీగ సర్దుకుంది. మళ్ళీ క్వెంచ్, మళ్ళీ ఇంకాస్త పైకి. కొత్తగా అల్లిన నులక మంచం మొదటి నాలుగు రోజులు కిర్రుమంటూ దిగి, ఆ తర్వాత కుదురుకుంటుంది చూడండి, అలాగన్నమాట. దీన్ని వాళ్ళు ట్రైనింగ్ అంటారు. మన ఏఐ బ్యాచ్ వాళ్ళు కంగారు పడొద్దు, ఇది వేరే ట్రైనింగ్. అంటే క్వెంచ్ అనేది ఎవరో తప్పు చేస్తేనే జరిగేది కాదు. కావాలని తెప్పించి మరీ మాగ్నెట్‌ని కుదుర్చుకుంటారు.

ఇప్పుడు లెక్క చేద్దాం. మాగ్నెట్ ఇండక్టెన్స్ సుమారు 0.1 హెన్రీ. ఇంటర్‌లో చదివిన సూత్రమే, అర ఎల్ ఐ స్క్వేర్. 11,850 ఆంపియర్లు పెడితే దాదాపు 70 లక్షల జౌళ్ళు. 15 టన్నుల లోడు బస్సు గంటకి 110 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దానికుండే శక్తి ఇది. వినడానికి భయంగా ఉంది కదా? ఇంకో పోలిక చూడండి. హాస్టల్లో దొంగతనంగా వాడే 1500 వాట్ల హీటర్ రాడ్ ఉంది కదా, అది గంటా ఇరవై నిమిషాల్లో ఇచ్చే వేడి కూడా ఇంతే. ఒక పెద్ద బకెట్ నీళ్ళు మరుగుతాయి, అంతకుమించి ఏమీ కాదు. గ్యాస్ అయితే 150 గ్రాములు. చాలా చోట్ల బస్సు లాంటి పోలికలే రాస్తారు గానీ, నా ఉద్దేశంలో బకెట్ పోలికే అసలు విషయం చెప్తుంది. శక్తి మరీ ఎక్కువేం కాదు. 35 టన్నుల మాగ్నెట్ అంతా సమానంగా పంచుకుంటే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆ శక్తంతా సెంటీమీటర్ల తీగలో, సెకను వ్యవధిలో పడితేనే ప్రమాదం. రాగి కరిగి, ఇన్సులేషన్ కాలి, మాగ్నెట్ స్క్రాప్ అవుతుంది.

ఇక్కడే ఈ వ్యాసం టైటిల్ వస్తుంది. ఒక చోట క్వెంచ్ మొదలైందని తెలిస్తే ఏం చెయ్యాలి? ఆ చోటుని వెంటనే చల్లార్చాలని అనిపిస్తుంది. కుదరదు, అంత వేగంగా వేడిని లాగేసే దారి లేదు. కాబట్టి రివర్స్‌లో వెళ్తారు: మిగతా కాయిల్‌ని కూడా వేడెక్కించేస్తారు. కాయిల్ పక్కనే సన్నటి స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీలు అతికించి ఉంటాయి. 900 వోల్టులకి చార్జ్ చేసిన కెపాసిటర్లని వాటిలోకి ఖాళీ చేస్తారు. కొన్ని పదుల మిల్లీసెకన్లలో కాయిల్‌లో పెద్ద భాగం సూపర్ గుణం పోగొట్టుకుంటుంది. మాగ్నెట్ తన శక్తిని తనే ఒళ్ళంతా పంచుకుంటుంది. అత్యంత వేడెక్కిన చోటు కూడా మామూలు గది ఉష్ణోగ్రత దగ్గరలోనే ఆగిపోయేలా డిజైన్ చేశారు.

ఈ కెపాసిటర్లు ఎప్పుడూ చార్జ్ అయ్యే ఉంటాయి. కరెంట్ పోయినా పేలతాయి. ఈ హీటర్ పవర్ సప్లైల్లో ఐదు వేలకు పైగా మన దేశంలోనే తయారయ్యి వెళ్ళాయి, మన అణుశక్తి విభాగానికి సెర్న్‌తో ఉన్న ఒప్పందం కింద. వార్తల్లో హిగ్స్ బోసాన్ వస్తుంది గానీ ఇవి రావు.

సరే, క్వెంచ్ మొదలైందని తెలిసేది ఎలా? రెసిస్టెన్స్ పుడితే వోల్టేజ్ పుడుతుంది, వోల్టేజ్ కొలిస్తే సరిపోతుంది కదా? సరిపోదు. మాగ్నెట్‌లో కరెంట్ సెకనుకి 10 ఆంపియర్ల చొప్పున పెంచుతారు. ఇండక్టెన్స్ 0.1 కాబట్టి ఏ క్వెంచ్ లేకపోయినా మాగ్నెట్ మీద 1 వోల్ట్ కనిపిస్తుంది. మనం పట్టుకోవాల్సింది 0.1 వోల్ట్. పెళ్ళి బ్యాండ్ మోగుతుంటే పక్కవాడి గుసగుస వినాలన్నమాట.

దీనికి వాళ్ళ సమాధానం చాలా సింపుల్. మాగ్నెట్‌లో రెండు గొట్టాలు ఉంటాయి, ఎదురెదురుగా పోయే రెండు బీమ్‌లకి. రెండింటి కాయిల్స్ ఒకేలాంటివి. కరెంట్ పెరగడం వల్ల వచ్చే వోల్టేజ్ రెండింటిలోనూ ఒకటే. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే సున్నా. ఒక వైపు క్వెంచ్ మొదలైతే మాత్రం తేడా మిగులుతుంది. ఆ తేడా 100 మిల్లీవోల్టులు దాటి, 10 మిల్లీసెకన్ల పాటు అలాగే నిలబడితే, క్వెంచ్ అని తీర్పు. ఆ 10 మిల్లీసెకన్లు ఎందుకో మైక్రోకంట్రోలర్‌కి పుష్ బటన్ పెట్టినవాళ్ళకి వెంటనే తెలుస్తుంది. అదే డీబౌన్సింగ్. తీగ చిన్నగా జరిగి సర్దుకున్నా, ఎక్కడో నాయిస్ వచ్చినా ఒక చిన్న స్పైక్ వస్తుంది, దానికి హీటర్లు పేలిస్తే గంటల కొద్దీ పని ఆగిపోతుంది. మరీ ఎక్కువసేపు ఆగితే మాగ్నెట్ పోతుంది. 100 మిల్లీవోల్టులు, 11,850 ఆంపియర్లు గుణించి చూడండి: దాదాపు 1200 వాట్లు. అంటే మనం 'తెలిసింది' అనుకునే సమయానికే ఆ చిన్న తీగ ముక్కలో ఒక హీటర్ రాడ్ ఆన్ అయి ఉంది. అది క్షణక్షణానికీ పెద్దదవుతోంది.

ఈ డిజైన్‌లో ఒక బగ్ ఉంది. కిందికి వెళ్ళకుండా ఒక నిమిషం ఆలోచించండి.

రెండు వైపులా ఒకేసారి, ఒకేలా క్వెంచ్ అయితే? తేడా సున్నా. సిస్టమ్‌కి ఏమీ కనపడదు. మొదటి డిజైన్‌లో ఈ కేస్‌కి విడిగా డిటెక్టర్ లేదు. తర్వాత కలిపిన పద్ధతి: మాగ్నెట్‌ని దాంతోనే కాకుండా పక్క మాగ్నెట్లతో కూడా పోల్చడం.

ఇంకో చిక్కు ఉంది. మాగ్నెట్లు ఒంటరిగా లేవు. రింగ్‌ని 8 సెక్టార్లుగా విడగొట్టి, ఒక్కో సెక్టార్‌లో 154 డైపోల్స్‌ని సిరీస్‌లో కలిపారు. ఒకటి క్వెంచ్ అయింది కదా అని మొత్తం కరెంట్‌ని ఒక్క సెకనులో ఆపేద్దామంటే, 154 మాగ్నెట్ల ఇండక్టెన్స్ 15.4 హెన్రీలు, లెక్క వేస్తే లక్షా 80 వేల వోల్టులు పుడతాయి. ఇన్సులేషన్ ఏదీ నిలవదు. అందుకే మొత్తం గొలుసుని నిదానంగా దించుతారు: స్విచ్‌లు తెరుచుకుని కరెంట్ పెద్ద రెసిస్టర్లలోకి మళ్ళుతుంది, 100 సెకన్లలో మూడో వంతుకి పడుతుంది. కానీ క్వెంచ్ అయిన మాగ్నెట్‌కి అంత టైమ్ లేదు. దానికి ప్రతి మాగ్నెట్‌కీ సమాంతరంగా, ఆ చలిలోనే, ఒక పెద్ద డయోడ్ పెట్టారు. మామూలుగా అది మూసే ఉంటుంది. క్వెంచ్ అయిన మాగ్నెట్ మీద కొన్ని వోల్టులు పెరగ్గానే అదే తెరుచుకుంటుంది, మిగతా 153 మాగ్నెట్ల కరెంట్ దాన్ని తప్పించి పక్కనుంచి పోతుంది. ఏ సాఫ్ట్‌వేర్ లేదు, ఏ కమాండ్ లేదు. ఒక డయోడ్. ఈ మొత్తం వ్యవస్థలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఇంత ఆలోచించి కట్టారు. 2008 సెప్టెంబర్ 10న మొదటి బీమ్ తిప్పారు, ప్రపంచమంతా టీవీల్లో చూసింది. తొమ్మిది రోజుల తర్వాత, సెప్టెంబర్ 19న, బీమ్ లేకుండా ఒక సెక్టార్‌లో కరెంట్ పెంచుతున్నారు. 8,700 ఆంపియర్ల దగ్గర ఒక చోట తీగ తెగి ఆర్క్ వచ్చింది.

అది మాగ్నెట్‌లో కాదు. ఒక మాగ్నెట్‌కీ పక్కదానికీ మధ్య కరెంట్ మోసే బస్‌బార్ జాయింట్‌లో. అలాంటి సోల్డర్ చేసిన జాయింట్లు ఆ రింగ్‌లో పది వేల దాకా ఉన్నాయి. మంచి జాయింట్ రెసిస్టెన్స్ 0.35 నానో ఓమ్‌ల దగ్గర ఉండాలి. ఆర్క్‌లో ఆ జాయింట్ నాశనమైపోయింది కాబట్టి తర్వాత లెక్క కట్టి తేల్చాల్సి వచ్చింది: దాని రెసిస్టెన్స్ సుమారు 220 నానో ఓమ్‌లు.

మళ్ళీ మన సూత్రాలే. 220 నానో ఓమ్‌లు, 8,700 ఆంపియర్లు: పుట్టే వేడి 16 లేదా 17 వాట్లు. వోల్టేజ్ 2 మిల్లీవోల్టులు కూడా లేదు. బస్‌బార్‌ల మీద కాపలా ఉన్న డిటెక్టర్ ఎంతకి మేల్కొంటుందో తెలుసా? 1 వోల్ట్‌కి. అసలు సిగ్నల్‌కి 500 రెట్లు. పరిస్థితి చేయి దాటి వోల్టేజ్ ఆ హద్దుకి చేరాక మిగిలింది సెకనులో కొన్ని వంతులు. సోల్డర్ సరిగ్గా లేనందువల్ల పక్కనున్న రాగికీ మంచి పట్టు లేదు, అంటే సర్వీస్ రోడ్డు కూడా తెగిపోయింది.

ఆర్క్ హీలియం గొట్టాన్ని చీల్చింది. సెక్టార్‌లో ఉన్న 15 టన్నుల హీలియంలో 6 టన్నులు పోయింది. సేఫ్టీ వాల్వులు సెకనుకి 2 కిలోల హీలియం బయటికి పోతుందనే అంచనాతో పెట్టినవి, వచ్చింది దానికి పది రెట్లు. ఆ ఒత్తిడికి పదుల టన్నుల మాగ్నెట్లు పునాదుల నుంచి జరిగిపోయాయి. బీమ్ గొట్టం లోపల మసి. 53 మాగ్నెట్లని పైకి తీయాల్సి వచ్చింది. సొరంగంలో మనుషులు లేరు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. యంత్రం మళ్ళీ తిరిగింది 2009 నవంబర్‌లో.

ఆ రోజు చాలా డైపోల్స్ క్వెంచ్ అయ్యాయి కూడా. వాటి డిటెక్టర్లు, హీటర్లు, డయోడ్లు అనుకున్నట్టే పనిచేశాయి. ఎక్కడ ప్రమాదం వస్తుందని భయపడి సెన్సార్లు పెట్టారో అక్కడ అంతా భద్రం. దొడ్డిగుమ్మం దగ్గర మాత్రం దిక్కులేదు.

నన్ను ఇంకా ఎక్కువగా కుదిపింది మరో విషయం. తర్వాత పాత డేటా తవ్వితే, అంతకు కొద్ది రోజుల ముందు 7,000 ఆంపియర్లకి టెస్ట్ చేసినప్పుడే ఆ చోట ఉష్ణోగ్రత తేడాగా పెరిగినట్టు లాగ్‌లలో కనిపించింది. సుమారు 10 వాట్ల అదనపు వేడి. 220 నానో ఓమ్‌లు అనే లెక్కకి అది సరిగ్గా సరిపోయింది. ఆ నంబర్ సర్వర్‌లో ఉంది. సెన్సార్ తన పని తను చేసింది. ఆ నంబర్ చూసి ఆగమని చెప్పే కోడ్ మాత్రం ఎవరూ రాయలేదు, ఎందుకంటే అది కూలింగ్ వాళ్ళ డేటా, ప్రొటెక్షన్ వాళ్ళది కాదు. నాకు తెలిసి మన ప్రాజెక్టుల్లో కూడా లాగ్ ఫైల్ ఎవరైనా తెరిచేది క్రాష్ అయ్యాకే.

తర్వాత చేసిన పనులు: ప్రతి జాయింట్ చుట్టూ విడిగా వోల్టేజ్ తీగలు లాగి, 1 వోల్ట్ బదులు 0.3 మిల్లీవోల్ట్ హద్దు పెట్టారు. నేను పైన చెప్పిన రెండు వైపుల క్వెంచ్ బగ్‌ని కూడా అప్పుడే సరిచేశారు. హీలియం పోయే వాల్వులు పెంచారు. అయినా పది వేల జాయింట్లలో ఇంకెన్ని ఇలాంటివి ఉన్నాయో తెలియదు కాబట్టి సగం శక్తితోనే నడిపారు: 2010లో ఒక్కో బీమ్‌కి 3.5 టెరా ఎలక్ట్రాన్ వోల్టులు, 2012లో 4. హిగ్స్ బోసాన్ దొరికిందని 2012 జూలై 4న ప్రకటించారు కదా, ఆ డేటా అంతా ఈ భయంతో తగ్గించి నడిపిన యంత్రం ఇచ్చిందే. 2013 నుంచి రెండేళ్ళు ఆపి, సొరంగమంతా తిరిగి, జాయింట్లకి అదనపు రాగి పట్టీలు వేశారు. సర్వీస్ రోడ్డు మళ్ళీ పోసినట్టు.

2015లో 6.5కి వెళ్ళడానికి మాగ్నెట్లకి ట్రైనింగ్ మొదలుపెడితే 150కి పైగా క్వెంచ్‌లు అయ్యాయి. ఒక్కో క్వెంచ్ తర్వాత మళ్ళీ 1.9 కెల్విన్‌కి తేవడానికి గంటల కొద్దీ టైమ్ పడుతుంది. హద్దుకి దగ్గరయ్యేకొద్దీ ఒక్కో మెట్టుకీ ఎక్కువ క్వెంచ్‌లు కావాలి, ప్రతి క్వెంచ్‌తోనూ మాగ్నెట్ మీదా డయోడ్ మీదా ఎంతో కొంత ఒత్తిడి పడుతుంది. 2022లో యంత్రం 6.8కి చేరింది. కాగితం మీద డిజైన్ 7. మిగిలిన ఆ 0.2 కోసం ఇంకా ఎన్ని క్వెంచ్‌లు భరించాలి, అసలు భరించాలా అనేది ఇప్పటికీ వాళ్ళ ముందున్న లెక్కే.